పంటిలో పెట్టే పోస్టు తయారుచేయాలంటే ఎంపీసీయా, బైపీసీయా?

ప్రశ్న: మాస్టారూ, మాది అంతర్వేది దగ్గర పల్లె. ఈమధ్య నాకు రూట్ కెనాల్ చేసి, పన్ను సగం విరిగిపోయిందని లోపల ఫైబర్ పోస్టు, అంటే పన్నును నిలబెట్టే సన్నటి కడ్డీ పెట్టారు. పక్కనే ఉన్న మా అమ్మాయి అది దేంతో చేస్తారని డాక్టరు గారిని అడిగింది. అప్పట్నుంచి అలాంటివి తయారుచేసే చదువే చదువుతానంటోంది. పదో తరగతి రాసింది. చుట్టాలేమో బైపీసీలో వేసి డెంటల్ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చుట్టాల మాట కాసేపు పక్కన పెట్టండి. పోస్టు పెట్టేది డెంటిస్టే గానీ, దాన్ని తయారుచేసే పని ఎక్కువగా మెటీరియల్స్, పాలిమర్ ఇంజినీర్లది. ఆ దారి ఎంపీసీ నుంచి మొదలవుతుంది.

అందులో చదవడానికి ఏముందంటారా? పంటిలోని డెంటిన్, అంటే ఎనామిల్ కింద ఉండే పొర, గట్టిదే అయినా కాస్త వంగుతుంది. దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, సుమారు 18 గిగాపాస్కల్స్, స్టీలుది 200 దాకా. అంత మొండి కడ్డీని వేరులో దించితే, నమిలినప్పుడు అది వంగదు, ఒత్తిడంతా వేరు మీద పడుతుంది. నాకు మెటల్ పోస్టే వేశారు. కొన్నేళ్లకు వేరు నిలువునా చీలి, పన్ను పీకించుకున్నాను. ఫైబర్ పోస్టు పంటితో పాటు కొద్దిగా వంగుతుంది. పాడైనా చాలాసార్లు అతుకు ఊడుతుందే తప్ప వేరు చీలదు, మళ్లీ పెట్టించుకోవచ్చు. 1990లో ఫ్రాన్స్‌లో వీటిని మొదట కార్బన్ ఫైబర్‌తో చేశారు. నల్లగా ఉండి పంటిలోంచి కనబడుతోందని తర్వాత గాజు, క్వార్ట్జ్ ఫైబర్లకు మారారు.

ఇదంతా మీకు తెలియని విద్యేం కాదు. మీ వైపు ఫైబర్ బోటుకు పగులొస్తే ఏం చేస్తారు? ముందు ఆ చోటును ఉప్పు కాగితంతో గరుకుగా రుద్దుతారు. గాజు మ్యాట్ ముక్క పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) బ్రష్‌తో పూసి, గాలి బుడగ మిగలకుండా రోలర్‌తో నొక్కుతారు. బుడగ మిగిలితే అక్కడే మళ్లీ పగులుతుంది. మిల్లీమీటరున్నర మందం పోస్టులోనూ ఇదే గొడవ. గాజును రెజిన్ వదలకుండా పట్టుకోవడానికి సైలేన్ అనే రసాయనం పూస్తారు. ఏళ్ల తరబడి నోటి తడి, వేడి కాఫీ, చల్లటి ఐస్‌క్రీమ్ తగిలినా ఆ పట్టు నిలవాలి. పరిశోధన చాలావరకు దాని చుట్టూనే.

ఇక చదువు. బీటెక్‌లో మెటలర్జీ అండ్ మెటీరియల్స్, పాలిమర్, కెమికల్, మెకానికల్ ఏదైనా పనికొస్తుంది. వరంగల్ ఎన్ఐటీలో మొదటిది ఉంది. తర్వాత గేట్ రాసి ఎంటెక్, ఆపైన పీహెచ్‌డీ. హైదరాబాద్ ఐఐటీలో మెటీరియల్స్, బయోమెడికల్ రెండూ ఉన్నాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో శరీరంలో వాడే పదార్థాల మీద కూడా పరిశోధన జరుగుతుంది. పదేళ్ల ప్రయాణమండి, ఇరవై రెండేళ్లకే జీతం రావాలనుకునే ఇంటికి ఇది సరిపడదు. పంటి పోస్టుల పని ఒక్కదాన్నే నమ్ముకోనివ్వకండి, మనదేశంలో ఆ ఉద్యోగాలు తక్కువ. కాంపోజిట్స్, అంటే ఇలా ఫైబర్, రెజిన్ కలిపి చేసే పదార్థాల గురించి గట్టిగా నేర్చుకుంటే గాలిమరల రెక్కలు, విమాన భాగాలు, బోట్లు, ఎక్కడైనా పని దొరుకుతుంది.

డెంటల్ దారిలోనూ ఇటు రావచ్చు. బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు, ఎండీఎస్ మూడేళ్లు. పీజీలో కొందరు పీకిన పళ్లలో పోస్టులు పెట్టి, బయటికి నెట్టడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. కానీ రోజులో ఎక్కువ భాగం పేషెంట్లతోనే గడుస్తుంది. అది ఇష్టమేనా అని అమ్మాయినే అడగండి. లెక్కలూ బయాలజీ రెండూ తీసుకోమని ఎవరైనా అంటే, నేనైతే వద్దంటాను. రెండు ఎంట్రన్స్‌ల టెన్షన్ ఆ వయసుకు ఎక్కువ.

కాలేజీలు తెరిచేలోపు ఒకరోజు ఆమెను బోటు బాగుచేసే చోటికి తీసుకెళ్లండి. రెజిన్ ఘాటుగా ఉంటుంది, గాలి వచ్చే వైపు నిలబడమనండి. రెండు గంటలైనా ఇంటికి రాకుండా మేస్త్రిని ప్రశ్నలతో వేపుకుతింటే, మర్నాడే వెళ్లి ఎంపీసీలో చేర్చండి.