చిత్తకు తోడున్న చుక్క కనిపించదేం?

ప్రశ్న: చిత్త నక్షత్రం ఒకటి కాదు, రెండని మా అబ్బాయి చదివాడు. మా నాలుగు అంగుళాల టెలిస్కోప్‌లో ఎంతసేపు చూసినా ఒక్కటే చుక్క. ఇంకా పెద్దది కొనమంటారా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: కొనకండమ్మా, డబ్బు దండగ. మీ టెలిస్కోప్ తప్పేమీ లేదు. చిత్తలోని రెండు నక్షత్రాల మధ్య దూరం సుమారు 1.8 కోట్ల కిలోమీటర్లే. సూర్యుడికీ బుధుడికీ మధ్య ఉన్నదాంట్లో సగం కూడా కాదు. ఆ జంట మనకు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి వాటిని విడివిడిగా చూడాలంటే దాదాపు 80 మీటర్ల వెడల్పున్న అద్దం కావాలి. అలాంటిది ఎవరి దగ్గరా లేదు.

రెండని చెప్పింది వర్ణపటం, అంటే నక్షత్రపు కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ. 1890లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో హెర్మన్ ఫోగెల్ చిత్త వర్ణపటాన్ని ఫొటో తీస్తుంటే, అందులోని గీతలు కొన్ని రాత్రులు ఎరుపు వైపు, కొన్ని రాత్రులు నీలం వైపు జరిగాయి. నాలుగు రోజులకొకసారి అదే వరస. అంటే ఆ నక్షత్రం ఒకసారి వెనక్కి పోతోంది (ఎరుపు), మరోసారి మన వైపు వస్తోంది (నీలం). కనపడని తోడు లేకుండా అలా ఊగిసలాడదు.

డిగ్రీ కళాశాలలో పనిచేసినన్నాళ్లు సోడియం దీపపు పసుపు గీత రెండుగా విడిపోవడాన్ని విద్యార్థులకు చూపించేవాణ్ణి. అంత సన్నని గీతలైతే కొలవడం సులువు. వేడి నక్షత్రాలు ఆ సౌకర్యం ఇవ్వవు. చాలావరకు తమ చుట్టూ తాము చాలా వేగంగా తిరుగుతాయి కాబట్టి వాటి గీతలు అలుక్కుపోయి వెడల్పుగా ఉంటాయి. జంటలోని చిన్నదాని గీతలు పెద్దదాని వెలుగులో కలిసిపోతాయి. కక్ష్యను మనం సరిగ్గా నిట్టనిలువుగా పైనుంచి చూస్తున్నట్టయితే గీతలు అసలు కదలవు. కాబట్టి గీత కదలలేదు గనుక తోడు లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

మరో దారి కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని నరాబ్రీలో హాన్‌బరీ బ్రౌన్ బృందం 188 మీటర్ల వ్యాసమున్న గుండ్రని పట్టాల మీద రెండు పెద్ద దర్పణాలను జరుపుతూ, రెండింటికీ చేరే కాంతిలోని హెచ్చుతగ్గులను పోల్చి చూసింది. చిత్త జంట కక్ష్యను 1971లో అలా కొలిచారు. ఒక్క అద్దంతో కానిది రెండింటి మధ్య దూరంతో అయింది.

ప్రశ్న: వేల డిగ్రీల వేడి నక్షత్రం చుట్టూ ధూళి ఎలా ఉంటుంది? కాలిపోదా?
– ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: మంచి ప్రశ్న. ఈ ధూళి అంటే కార్బన్ ఎక్కువగా ఉన్న మసి. అది గడ్డకట్టాలంటే వాయువు రెండు వేల డిగ్రీల కన్నా చల్లబడాలి, చిక్కగానూ ఉండాలి. వుల్ఫ్-రాయె అనే రకం నక్షత్రం, అంటే తన వాయువును జోరుగా బయటికి ఊదేసే అతి వేడి భారీ నక్షత్రం దగ్గర ఆ రెండూ ఉండవు. అయినా హంస రాశిలోని డబ్ల్యూఆర్ 140 మసి కక్కుతుంది. కారణం దాని తోడు. రెండూ భారీ నక్షత్రాలే, రెండింటి నుంచీ పవనాలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వీస్తాయి. అవి ఢీకొన్నచోట వాయువు నలిగి చిక్కబడి, అక్కడి నుంచి దూరంగా పోతూ చల్లబడుతుంది. అప్పుడు మసి పుడుతుంది.

కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తం. దాదాపు ఎనిమిదేళ్లకొకసారి రెండూ దగ్గరికి వస్తాయి, కొన్ని నెలలు మాత్రమే మసి తయారవుతుంది. ఆ నెలల్లో నక్షత్రం పరారుణ కాంతిలో ఉన్నట్టుండి ప్రకాశిస్తుంది, ఎందుకంటే మసి అతినీలలోహిత కాంతిని మింగి వేడిగా వెనక్కి ఇస్తుంది. 2022లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన చిత్రంలో ఒకదాని వెనుక ఒకటిగా కనీసం 17 పొరలు కనిపించాయి. నూటముప్పై ఏళ్ల కక్ష్యా చరిత్ర ఒక్క ఫొటోలో! పద్నాలుగు నెలల తేడాతో తీసిన రెండు చిత్రాలను పోల్చితే ఆ పొరలు సెకనుకు 2600 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయని తేలింది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి అర సెకను.

కాబట్టి ఇలాంటి నక్షత్రం దగ్గర ధూళి కనిపిస్తే నేనైతే ముందు తోడు కోసమే వెతుకుతాను. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు ఈ వుల్ఫ్-రాయె నక్షత్రాల వర్ణపటాల మీద పనిచేశారని మీ భౌతికశాస్త్రం మాస్టారికి గుర్తుచేయండి.

ప్రశ్న: ధనుస్సు రాశిలో సుడి తిరిగే ఒక నక్షత్రం మన మీదికి గామా కిరణాలు వదులుతుందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అది డబ్ల్యూఆర్ 104, ఇదీ వుల్ఫ్-రాయె నక్షత్రమున్న జంటే. దాని ధూళి సుడి ఎనిమిది నెలలకొక చుట్టు తిరుగుతుంది, మనకు ఎదురుగా పరుచుకున్నట్టు కనిపిస్తుంది. దాన్ని బట్టి నక్షత్రపు ధ్రువం మన వైపే ఉందని, అది పేలితే ధ్రువం దిశలో వెలువడే గామా కిరణాలు మన మీదికే వస్తాయని భయపడ్డారు. హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో ఖగోళ శాస్త్రవేత్త గ్రాంట్ హిల్ వర్ణపట గీతలు కొలిస్తే కక్ష్య 30 నుంచి 40 డిగ్రీలు ఒరిగి ఉన్నట్టు తేలింది. మీరు నిశ్చింతగా ఉండవచ్చు. తల పట్టుకోవలసింది శాస్త్రవేత్తలు: ధూళి కక్ష్యా తలంలోనే పరుచుకోవాలి గదా, మరి ధూళి ఒక వంపు చెబుతుంటే గీతలు ఇంకొకటి చెబుతున్నాయి.