జముకుల కథ రికార్డింగుకు ఏ లైనక్స్?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా మామయ్యగారి జముకుల కథ (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథ) దళం ప్రదర్శనలను రికార్డు చేసి, ఫోనుతో తీసిన వీడియోలకు ఆ ధ్వనిని జతచేసి, తెలుగు శీర్షికలు వేసి భద్రపరచాలని నా కోరిక. ప్రచారానికి ఫ్లెక్సీల డిజైన్లు కూడా నేనే అనూ ఫాంట్లతో చేస్తున్నాను. నా వద్ద 8 జీబీ ర్యామ్ గల పాత ఐ5 కంప్యూటర్, రెండు మైకులు తగిలించుకునే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 ఇందులో ఎక్కదు. విండోస్‌కు బదులు వాడుకునే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాలైన ఉబుంటు స్టూడియో, ఏవీ లైనక్స్, ఫెడోరా జామ్‌లలో దేన్ని ఎంచుకోమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీ అవసరాలకు ఉబుంటు స్టూడియో సరిపోతుంది. అయితే విండోస్‌ను మాత్రం అప్పుడే చెరిపివేయకండి. దానికి కారణం మీ అనూ ఫాంట్లు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మీరు పేర్కొన్న మూడింటిలోనూ ధ్వనికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ ఇంచుమించు ఒకటే. ఆర్డర్ (Ardour), ఆడాసిటీ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్లను ఏ లైనక్స్‌లోనైనా విడిగా ఎక్కించుకోవచ్చు. తేడా అంతా ఎంతకాలం కదపకుండా వాడుకోవచ్చు, ఎంత భాగం ముందే అమర్చి ఇస్తారు అన్న రెండు విషయాలలోనే ఉంది. ఫెడోరా జామ్ ప్రధానంగా సంగీతం కోసం తయారైనది. పైగా ఫెడోరా ఒక్కో విడుదలకు మద్దతు దాదాపు 13 నెలలే కనుక ఏడాదికొకసారి మార్పు తప్పదు. ఫోను వీడియోలకు కావలసిన కొన్ని కోడెక్‌లను (వీడియోను చదివే సాఫ్ట్‌వేర్ భాగాలను) కూడా పేటెంట్ల కారణంగా అందులో ముందుగా ఇవ్వరు. ఎంఎక్స్ లైనక్స్ మీద నిర్మించిన ఏవీ లైనక్స్ చక్కని పనితనం గలదే, పాత యంత్రాల మీద తేలికగా నడుస్తుంది కూడా. కాని అది ప్రధానంగా ఒకే వ్యక్తి శ్రమ మీద నిలిచినది కనుక, ఏళ్ల తరబడి భద్రపరచవలసిన పనికి దాన్ని మొదటి ఎంపికగా చెప్పడానికి నాకు మనసొప్పదు. 2007 నుంచి వస్తున్న ఉబుంటు స్టూడియోలో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో వెలువడే దీర్ఘకాలిక విడుదలకు మూడేళ్ల మద్దతు ఉంటుంది. ధ్వనితో పాటు వీడియోకు కేడెన్‌లైవ్, బొమ్మలకు గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా అన్నీ అందులో ముందే ఉంటాయి. ఆర్డర్‌ను తయారీదారుల నుంచి నేరుగా తెచ్చుకుంటే రుసుము అడుగుతారు గాని, ఇందులో అది ఉచితంగానే వస్తుంది.

ఇక ఇటువంటి సిస్టమ్‌ల గురించి మాట్లాడేవారందరూ ముందుగా ఎత్తేది లేటెన్సీ, అనగా మైకులో పడిన ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం. కంప్యూటర్ ధ్వనిని చుక్క చుక్కగా కాక బిందెలు నింపినట్టు విడతలుగా అందుకుంటుంది. ఆ బిందెనే బఫర్ అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున రికార్డు చేస్తున్నప్పుడు 256 శాంపిళ్ల బఫర్ నిండడానికి దాదాపు 5.3 మిల్లీసెకన్లు, 1024 శాంపిళ్ల బఫర్ నిండడానికి దాదాపు 21.3 మిల్లీసెకన్లు పడుతుంది. బఫర్‌ను చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, కాని ప్రాసెసర్‌కు ఊపిరాడక మధ్య మధ్య టప్ టప్ మనే చప్పుళ్లు రికార్డులో పడతాయి. ముందుగా రికార్డు చేసిన పాటను హెడ్‌ఫోన్లలో వింటూ దానిపై మరొకరు పాడవలసినప్పుడో, తమ గొంతునే కంప్యూటర్ ద్వారా వినవలసినప్పుడో ఆలస్యం తక్కువగా ఉండాలి. కథకుడు, వంతలు, జముకు అందరూ ఒకేసారి ఎదురుగా పలికే మీ ప్రదర్శనలో ఆ అవసరమే లేదు. కనుక బఫర్ 1024 దగ్గర ఉంచి నిశ్చింతగా రికార్డు చేయండి. రాత్రంతా సాగే కథ మధ్యలో ఒక్క టప్‌మన్న చప్పుడు పడితే దాన్ని తిరిగి పాడించలేరు గదా! జముకు దెబ్బకు స్థాయి ఒక్కసారిగా పైకి లేస్తుంది కనుక, గెయిన్‌ను (మైకు ధ్వనిని ఎంత పెంచాలన్న అమరికను) ఆ వాద్యం మీదనే సరిచూసి, అత్యధిక స్థాయి సున్నా కంటే 10 డెసిబెళ్లు కిందనే ఉండేలా చూసుకోండి.

మీ ఇంటర్‌ఫేస్ ప్రత్యేక డ్రైవర్ అడగని, అంటే ‘క్లాస్ కంప్లయంట్’ రకానిదైతే లైనక్స్‌లో తగిలించగానే పనిచేస్తుంది. వీడియో కూర్పులో 8 జీబీ ర్యామ్ ఇబ్బంది పెడితే కేడెన్‌లైవ్‌లో ప్రాక్సీ క్లిప్పులు (కూర్పు వేళ అసలు వీడియోకు బదులు వాడే తేలికపాటి నకళ్లు) వాడండి. హార్డ్ డిస్క్ పాతదైతే, కొత్త కంప్యూటర్ ఆలోచన కంటే ముందు దానికి బదులు వేగంగా పనిచేసే ఒక ఎస్‌ఎస్‌డీ వేయించండి. వీడియో కూర్పుకు డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే గదా అని ఎవరైనా చెబితే తొందరపడకండి. అది ఓపెన్ సోర్స్ కాదు, పైగా లైనక్స్‌లో దాని ఉచిత వెర్షన్ ఫోన్లు తీసే హెచ్.264 వీడియోను తెరవదు.

ఇప్పుడు అనూ సంగతి. అది యూనికోడ్‌కు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతికి, ముందరి పద్ధతి కనుక, దానితో టైపు చేసిన పాఠం లైనక్స్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. పాత ఫైళ్ల కోసం ఇంటర్నెట్ తగిలించకుండా విండోస్‌ను పక్కన ఉంచుకుని, కొత్తవాటిని యూనికోడ్‌లో మొదలుపెట్టండి. రామభద్ర, మల్లన్న, గిడుగు వంటి స్వేచ్ఛా ఫాంట్లు శీర్షికలకు బాగుంటాయి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరే ఆ చివరి ఫాంటుకు పెట్టారు. ఫ్లెక్సీ దుకాణంలో ఆ ఫాంట్లు లేకపోయినా చిక్కు లేకుండా, ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌లుగా (ఫాంటు అవసరం లేని గీతల ఆకృతులుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అయితే అక్షరదోషాలను దిద్దుకోవడానికి మార్చని ప్రతిని మీ వద్ద ఉంచుకోవడం మరువకండి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఇప్పటికే ఉబుంటు ఉంది. స్టూడియో కోసం అంతా తుడిచి మళ్లీ ఎక్కించాలా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అవసరం లేదు. ‘ఉబుంటు స్టూడియో ఇన్‌స్టాలర్’ అనే ప్యాకేజీని వేసుకుంటే, ధ్వని, వీడియో, గ్రాఫిక్స్ విభాగాలలో మీకు కావలసినవే ఎంచుకుని ఇప్పుడున్న డెస్క్‌టాప్ మీదనే చేర్చుకోవచ్చు.