క్లస్టర్‌కి పంపే ముందు ఒక్క ఫైలు

చి. సౌమ్యకు,

పెద్దనాన్న ఆశీస్సులు. క్లస్టర్‌లో, అదే బోలెడు కంప్యూటర్లు కలిపి నడిపే చోట, నీకు అకౌంట్ వచ్చిందట, జీఆర్‌ఎస్ 1915+105 అనే బ్లాక్ హోల్ మీద ఎక్స్‌రేలను కొలిచే ఆర్‌ఎక్స్‌టీఈ ఉపగ్రహం పోగేసిన డేటా అంతా ఒకేసారి నడిపించేస్తావట, మీ నాన్న చెప్పాడు. కాస్త ఆగు. ముందు ఒక్క ఫైలును నీ ల్యాప్‌టాప్‌లోనే మొదటి నుంచి చివరిదాకా నడిపి, వచ్చిన గ్రాఫును కళ్లారా చూడు.

ఆ బ్లాక్ హోల్ మహా చపలచిత్తురాలు. ఆ డేటాలో ఒకరోజు నిలకడగా వెలుగుతుంది, ఇంకోరోజు నిమిషాల్లోనే ఎక్స్‌రేలు పడిపోయి మళ్లీ లేస్తాయి. కొన్నిసార్లు దాని వెలుగు సెకనుకు దాదాపు 67 సార్లు సన్నగా వణుకుతుంది. నువ్వు ఒక సెకను బిన్ పెట్టావంటే, అంటే వెలుగును ఒక్కో సెకను ముక్కలుగా కూడేశావంటే, ఆ వణుకు చెరిగిపోతుంది. తర్వాత వెయ్యి కోర్లు (ప్రాసెసర్లు) పెట్టినా తిరిగి రాదు.

పని పంచుకోవడానికి ఎంపీఐ (నడుస్తున్న పనులు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) నేర్చుకోవాలేమోనని టెన్షన్ పడకు. ఒక పరిశీలనకు ఇంకోదానితో మాట్లాడే పని లేదు. స్లర్మ్‌లో, అంటే క్లస్టర్ పనులను వరుసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్‌లో, జాబ్ అర్రే చాలు: ఒకే స్క్రిప్టు ఒక్కో ఫైలుకు ఒక్కో జాబుగా నడుస్తుంది.

నేను మునిగింది ఎక్కడంటే, ఎక్స్‌రే డేటాను విశ్లేషించే హీసాఫ్ట్ టూల్స్ ప్రతిసారీ తాము వాడిన వివరాలను హోమ్‌లోని పీఫైల్స్ ఫోల్డర్‌లో రాసిపెట్టుకుంటాయి. నేను ఒకేసారి 64 జాబులు వదిలాను. అన్నీ ఆ ఒక్క ఫోల్డర్ మీదే పడ్డాయి. ఒకడి కంచంలో ఇంకొకడు చెయ్యి పెట్టినట్టు, ఒక జాబ్ ఫైలు పేరు మరో జాబ్‌లో దూరింది. ఎర్రర్ వచ్చినా బాగుండేది! గ్రాఫులు చక్కగానే వచ్చాయి. రెండు వేర్వేరు రోజుల గ్రాఫులు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అప్పుడు అనుమానం వచ్చింది. అందుకని స్క్రిప్టు మొదట్లోనే ప్రతి జాబుకూ దాని నంబరుతో విడి ఫోల్డర్ చేసి, ఆ వివరాలు ఎక్కడ రాయాలో చెప్పే పీఫైల్స్ వేరియబుల్‌ను దానికి తిప్పు.

ఎక్స్‌స్పెక్‌లో, అంటే స్పెక్ట్రమ్‌కు మోడల్ సరిపెట్టే ప్రోగ్రామ్‌లో, ఎంసీఎంసీ గొలుసు (మోడల్ విలువలను యాదృచ్ఛికంగా అడుగడుగునా వెతికే పద్ధతి) నడిపేటప్పుడు మాత్రం కోర్లు పెంచితే అంతా వేగం అవుతుందనుకోకు. ముందు అడుగు తేలితేగాని తర్వాతి అడుగు పడదు. వేర్వేరు చోట్ల మొదలయ్యే నాలుగైదు గొలుసులు వదిలి, అన్నీ ఒకే చోటికి చేరుతున్నాయో లేదో చూడు.

అందరూ క్లస్టర్‌లోకి వచ్చే లాగిన్ నోడ్ మీద బరువు పనులు పెట్టకు, అడ్మిన్ ఊరుకోడు. స్క్రాచ్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉన్నవి కొన్నాళ్లకు తుడిచేస్తారు, ఫలితాలు వెంటనే తెచ్చుకో.

మొదటి పవర్ స్పెక్ట్రమ్ (ఏ వేగంతో ఎంత వణుకుందో చూపే గ్రాఫు) ఫోటో నాకు పంపు. సెకనుకు 67 సార్ల దగ్గర బుడిపె కనిపిస్తే ఫోన్ చెయ్యి. కనిపించకపోయినా చెయ్యి, ఆ రోజు అది వణకలేదేమో.

మీ పెద్దనాన్న