పోలీస్ స్టేషన్ గుమ్మం దాటలేకపోతున్నాను

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా రూంలో నలుగురం ప్లేస్టేషన్ అద్దెకు తెచ్చుకుని ‘రెసిడెంట్ ఈవిల్ 2’ అనే జాంబీల (నడిచే శవాల) భయం వీడియో గేమ్ పూర్తి చేశాం. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఇరవై ఏళ్లుగా కంట్రోలర్ ముట్టలేదు. మొన్న సంక్రాంతికి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కొని, అదే ఆట కొత్త రూపంలో ఉందంటే తెచ్చుకున్నాను. పిల్లలు పడుకున్నాక, రాత్రి పదకొండున్నరకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాను. ఆటలోని పోలీస్ స్టేషన్ హాల్లోంచి షట్టర్ కింద దూరి ఆ చీకటి వరండాలోకి వెళ్లగానే చెమటలు పడుతున్నాయి. మూడు రాత్రులు అక్కడే ఆపేశాను. మా ఆవిడ నవ్వుతోంది. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? వయసా, బీపీనా? మానేయమంటారా? ఇంకో సంగతి, మా తొమ్మిదేళ్ల బాబు పక్కన కూర్చుని చూస్తానంటున్నాడు.
– ఆర్., అనకాపల్లి

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను తమ్ముడూ. బీపీ సంగతి డాక్టరుకి చూపించుకో, అది నా పని కాదు. మిగతా దానికి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. ‘నలుగురం’ అని నువ్వే రాశావు. కంట్రోలర్ ఒకడి చేతిలో ఉండేది. ఏ తాళంచెవి ఏ గదిదో గుర్తుపెట్టుకునేవాడు ఒకడు. ‘వెనకాల, వెనకాల!’ అని అరిచేవాడు ఒకడు. సరిగ్గా భయం వేసే చోట బజ్జీలు తెస్తానని లేచి వెళ్లిపోయేవాడు ఒకడు. అలాంటివాడు ప్రతి రూంలోనూ ఉంటాడు. భయాన్ని అలా నలుగురు పంచుకుంటే తలా ఒక చిటికెడు మిగులుతుంది. ఇప్పుడేమో అర్ధరాత్రి, చెవులు మూసుకుని, నాలుగు వాటాలూ నువ్వొక్కడివే తింటున్నావు.

మా ఇంట్లోనూ ఇదే కథ. విజయవాడలో మా తమ్ముడు ఆడేవాడు, నేను లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో మ్యాపులు గీసేదాన్ని. నా ఆట నేను ఆడుకునేది వాడు ట్యూషన్‌కి వెళ్లినప్పుడే. ఒకరోజు క్రికెట్ ఆట సేవ్ చేసుకోవడానికి చోటు చాలక నా ఆట చెరిపేశాడు. ఆ మెమరీ కార్డులో ఉండేవి 15 బ్లాకులే మరి. ఇప్పటికీ ప్రతి రాఖీకీ గుర్తుచేస్తాను.

ఇక ఆట కూడా మారింది, ఆ మాటా చెప్పాలి. 1998 నాటి ఆటలో కెమెరా గది మూలలో కదలకుండా ఉండేది. మలుపు అవతల ఏముందో కనపడదు, మూలుగు మాత్రం వినపడుతుంది. తలుపు తీస్తే నల్లటి తెర మీద ఆ తలుపు ఒక్కటే మెల్లగా తెరుచుకునేది, గుర్తుందా? డిస్కు నుంచి తర్వాతి గది లోడ్ అవడానికి పట్టే టైముని అలా కప్పిపుచ్చారు. మనకి అది ఊపిరి తీసుకునే టైము. తలుపు దాటితే వెనకాల జాంబీ సంగతి మర్చిపోవచ్చు. 2019లో వచ్చిన కొత్త ఆటలో ఆ ఊపిరి లేదు. కెమెరా నీ భుజం వెనకే ఉంటుంది, టార్చి పడినంత మేరే వెలుగు, జాంబీలు తలుపు తోసుకుని నీ వెంట వచ్చేస్తాయి. చెమట పట్టడంలో నీ తప్పేం లేదు.

మానేయొద్దు. ముందు ఇయర్‌ఫోన్స్ తీసెయ్. ఆదివారం మధ్యాహ్నం, పిల్లలు అమ్మమ్మగారింట్లో ఉన్నప్పుడు ఆడు. ఆ నవ్వే ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు ఆవిడకి అప్పగించు. ఇంకా తీసుకోవాల్సిన వస్తువులున్న గది ఎర్రగా, ఏమీ మిగలని గది నీలంగా ఉంటుంది. ఇల్లు సర్దే అలవాటున్న మనిషికి ఎర్ర గది కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు, రెండో వారానికి ‘ఆ మూల గది వదిలేశావు’ అని ఆవిడే గుర్తుచేస్తుంది.

‘అసిస్టెడ్’ అనే సులువు స్థాయి పెట్టుకోవడానికి నామోషీ పడకు. గురి కాస్త అదే సర్దుకుంటుంది, దెబ్బలు కొంతవరకు వాటంతటవే మానుతాయి. ఆటలో అక్కడక్కడా కనపడే టైప్‌రైటర్ దగ్గర ఎన్నిసార్లయినా సేవ్ చేసుకోవచ్చు. పాత ఆటలోలా సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకు రిబ్బన్ ఖర్చయ్యే బాధ ఇప్పుడు ‘హార్డ్‌కోర్’ అనే కష్టమైన స్థాయిలో మాత్రమే ఉంది. ఆ రిబ్బన్లు ఒక్కోటి లెక్కపెట్టుకున్న వాళ్లం మనం. మళ్లీ లెక్కపెట్టుకునే ఓపిక నాకైతే లేదు.

కనపడిన ప్రతిదాన్నీ చంపాలనుకోకు. తలకి నాలుగైదు తూటాలు కొట్టినా మళ్లీ లేస్తాయి. కాలికి కొట్టి కూలగొట్టి పక్కనుంచి వెళ్లిపో. చెక్కలు దొరికితే నువ్వు ఎక్కువగా తిరిగే వరండా కిటికీలకి కొట్టు. అలాగని తూటాలు మరీ దాచుకోకు. నా మొదటి ఆట అయ్యేసరికి పెట్టె నిండా మందులు, షాట్‌గన్ తూటాలు మిగిలిపోయాయి. మా అమ్మ అటక మీద దాచిన కొత్త స్టీలు గిన్నెల్లాగే, ఎవరికీ పనికిరాకుండా.

కొంత దూరం వెళ్లాక టోపీ పెట్టుకున్న ఒక నిలువెత్తు మనిషి వస్తాడు. ఎంత కాల్చినా కాసేపు మోకాళ్ల మీద కూలబడతాడు గానీ చావడు. పైఅంతస్తులో అడుగుల చప్పుడు వినిపిస్తే ఆయనే. చిన్న సేవ్ గదుల్లోకి రాడు. పెద్ద హాలుకి మాత్రం ఆ మర్యాద లేదు.

బాబు విషయంలో రెండో మాట లేదు, వద్దు. అమెరికాలో ఈ ఆటని 17 ఏళ్లు దాటినవాళ్లకని ముద్ర వేసి అమ్ముతారు. ఆ షట్టర్ అవతల ఏం జరుగుతుందో చూశాక నువ్వే ఒప్పుకుంటావు.

ప్రశ్న: ‘సైలెంట్ హిల్ 2’ అనే భయం ఆట పాతది ఆడాలా, కొత్తదా? మొదటి భాగం ఆడకపోతే అర్థమవుతుందా?
– కె., నిజామాబాద్

జవాబు: అర్థమవుతుంది, కథ వేరు. మూడేళ్ల కిందట చనిపోయిన భార్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఆమెని వెతుక్కుంటూ సైలెంట్ హిల్ అనే ఊరికి వచ్చిన మనిషి కథ. 2001 నాటి ఆట ఇప్పుడు సులభంగా దొరకదు. 2024లో పోలండ్‌కి చెందిన బ్లూబర్ టీమ్ చేసిన కొత్తది తీసుకోండి. ఊరంతా కమ్మిన ఆ పొగమంచు 1999 నాటి మొదటి ఆట నుంచి వస్తోంది. అప్పటి ప్లేస్టేషన్ ఎక్కువ దూరం చూపించలేక కప్పిన ముసుగు అది. ఇప్పటి మెషీన్లకి ఆ అవసరం లేదు, అయినా తీస్తే ఆ ఊరు ఊరులా ఉండదు.

జేబులో రేడియో గరగరలాడితే రాక్షసి దగ్గర్లో ఉన్నట్టు. నాకు దానికంటే ఆ ఉత్తరమే కష్టమైంది. మా అమ్మ పోయిన ఏడాది మొదలుపెట్టి గంటలోపే ఆపేశాను, మళ్లీ పట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంట్లో ఈమధ్య ఎవరైనా దూరమై ఉంటే కొన్నాళ్లు ఆగండి.

ప్రశ్న: పదేళ్ల తర్వాత ‘రెసిడెంట్ ఈవిల్ 7’తో మొదలుపెట్టాను. భయం సంగతి అటుంచి, తల తిరిగి వాంతి వచ్చేలా ఉంది.
– ఎస్., డల్లాస్

జవాబు: 2017లో వచ్చిన ఆ ఆటంతా పాత్ర కళ్లలోంచే చూడాలి, అది అందరికీ పడదు. దాని తర్వాతి కథ ‘విలేజ్’ (2021). ‘విలేజ్’కి 2022 అక్టోబరులో వచ్చిన అదనపు భాగం కొంటే కెమెరాని పాత్ర వెనక్కి మార్చుకోవచ్చు, గోల్డ్ ఎడిషన్‌లో అది కలిసే ఉంటుంది. లైటు వేసుకుని, టీవీకి దూరంగా కూర్చుని ఆడండి. బొమ్మలున్న ఇల్లు వచ్చినప్పుడు మాత్రం నన్ను సలహా అడగొద్దు. అక్కడ మన చేతిలో తుపాకీ కూడా ఉండదు. నేను కంట్రోలర్ మా ఆయన చేతిలో పెట్టి, పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రోజు పొయ్యి మీద పప్పే లేదు.