తోపినాంబూర్ దుంపకి ఆ పేరెలా వచ్చింది, అది బ్రెజిల్ దుంపేనా?

కాదండీ, పేరొక్కటే బ్రెజిల్‌ది, దుంప ఉత్తర అమెరికాది.

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చదువుకునేటప్పుడు ఓ చలికాలం మార్కెట్లో దీన్ని అల్లం అనుకుని కిలో కొనేశా, ఇంత చవగ్గా అల్లమా అని మురిసిపోయి మరీ. ఇంటికొచ్చి విరిస్తే ఘాటు లేదు, లోపల తెల్లగా నీళ్ళనీళ్ళగా ఉంది. సరే దుంపేగా అని ఆవాలు, ఎండుమిర్చి తాలింపేసి వేపుడు చేశా. తియ్యతియ్యగా బానే ఉంది గానీ ఆ రాత్రి కడుపుబ్బరం, గ్యాసు... అంత చలిలోనూ రూమ్మేట్ కిటికీ తీసి పడుకున్నాడు. (ఇందులో ఇన్యులిన్ అని ఉంటుంది, అది మనకి అరగదు, పేగుల్లో బ్యాక్టీరియాకి పండగ.)

పేరు సంగతికొస్తే, 1605లో శాంప్లేన్ అనే ఫ్రెంచాయన ఉత్తర అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర అక్కడి తెగలవాళ్ళు దీన్ని పండించడం చూసి, ఆర్టిచోక్ (పూమొగ్గని కూరలా వండుకు తినే ఓ మొక్క) రుచి ఉందని రాసుకున్నాడు. కొన్నేళ్ళకి దుంప ఫ్రాన్స్ చేరింది. ఈలోగా 1612లో ఫ్రెంచివాళ్ళు బ్రెజిల్లో మరన్యావ్ దీవిలో కాలనీ పెట్టారు, అక్కణ్నుంచి తుపినాంబా తెగవాళ్ళు ఆరుగురిని 1613లో ప్యారిస్ తీసుకొచ్చారు. వాళ్ళని చూడ్డానికి ఊరంతా ఎగబడింది. పాపం ముగ్గురు అక్కడే జబ్బుచేసి పోయారు, మిగిలిన ముగ్గురికి బాప్తిస్మం ఇప్పించారు, గాడ్‌ఫాదర్ ఎవరో కాదు, రాజు 13వ లూయీ. అప్పట్లో ఎవరి నోట విన్నా వాళ్ళ పేరే, దాంతో కొత్తగా వచ్చిన దుంపకీ అదే తగిలించేశారు. కెనడా వెళ్ళొచ్చిన లెస్కార్బో అనే లాయరు, ప్యారిస్ వీధుల్లో అరుచుకుంటూ అమ్మేవాళ్ళు దీన్ని తోపినాంబో అంటున్నారని తన పుస్తకంలో రాశాడు కూడా. అంటే పేరు పెట్టింది పండితులు కాదు, మన తోపుడుబండి వాళ్ళలాంటోళ్ళే.

మనమేం తక్కువ తిన్లేదు లెండి, మెక్సికో నుంచొచ్చినదాన్ని బెంగళూరు వంకాయ అంటున్నాం!

అన్నట్టు నా వేపుడు కొంచెం మా ఓనరు మామ్మగారికి ఇవ్వబోతే ఆవిడ మొహం అదోలా పెట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బంగాళదుంపలు జర్మన్లు పట్టుకుపోతే వీళ్ళకి ఇవీ, రూతబాగాలే (ముల్లంగి జాతి దుంపలు) మిగిలేవట, చిన్నప్పుడు తిని తిని విసుగెత్తి మళ్ళీ ముట్టుకోలేదట. "డబ్బులిచ్చి మరీ కొన్నావా?" అనడిగింది.