ఇంట్లో పాటలకి ఏ యాప్ మంచిది? మా వేళచ్చేరి ఇంటి అనుభవం

మీ ప్రశ్న: చెన్నైలో ఫ్లాటు, హార్డ్‌డిస్కు నిండా పాటలు, హాల్లో పాత యాంప్లిఫయరు, ఫోన్‌తో నడపడానికి ఏ యాప్ మేలు అని. మూడేళ్ళ కిందట నాదీ ఇదే ప్రశ్న. డజను యాప్‌లు ఎక్కించి, పీకేసి, ఒక దగ్గర కుదురుకున్నాను.

ముందు ఒక్క మాట. పాటలుండేది ఒకచోట, మోగేది ఒకచోట, మనం నొక్కేది ఒకచోట. ఈ మూడూ విడివిడి పనులు. ఫోను వట్టి రిమోట్‌గా ఉంటేనే ఇంట్లో సుఖం. పాట ఫోన్‌లోంచే పోతుంటే తిప్పలు తప్పవు. నేను బ్లూటూత్‌తో మొదలుపెట్టా. ఎవరైనా ఫోన్ చేస్తే రింగ్‌టోన్ హాలంతా మోగేది. కొత్తిమీరకని కిందికి దిగితే అమ్మ వింటున్న పాట చరణం మధ్యలో ఆగిపోయేది. "ఒరే, నువ్వు బయటికెళ్ళేటప్పుడు ఆ పాటని ఇంట్లో పెట్టి వెళ్ళరా" అంది ఓ రోజు. నాకు కావలసింది ఏమిటో ఆవిడే చెప్పేసింది.

తర్వాత బబుల్‌యూపీఎన్‌పీ అనే యాప్. ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, అది హాయి. కానీ పాటల వరస ఫోన్‌లోనే ఉంటుంది. నా ఫోను బ్యాటరీ పొదుపు పేరుతో యాప్‌ని నిద్రపుచ్చగానే, మోగుతున్న పాట పూర్తయ్యేది, తర్వాతిది వచ్చేది కాదు. ఆ సెట్టింగు ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అయినా అమ్మ ఫోన్‌లో, మా ఆవిడ ఫోన్‌లో అన్నీ నేనే మార్చి పెట్టాలి కదా.

ఆ తర్వాత నావిడ్రోమ్ సర్వరు, అంటే ఇంట్లో కంప్యూటర్‌లోంచి పాటలు అందించే సాఫ్ట్‌వేరు, ఫోన్‌లో దానికి తోడు సింఫోనియం యాప్. బయట వినడానికి నా ఓటు దీనికే. సింఫోనియం డబ్బు పెట్టి కొనాలి, ఇచ్చిన డబ్బుకి న్యాయం చేస్తుంది. పొద్దున వేళచ్చేరిలో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి, ఇంటి హార్డ్‌డిస్కులో పాటలు వింటూ బీచ్ స్టేషన్ దాకా పోతాను. ప్లెక్సాంప్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ నా ఇంట్లో నా పాటలకి వేరేవాళ్ళ దగ్గర ఖాతా తెరవడం నాకు పడలేదు. రూన్ గొప్పదే, చందా కట్టాలి. మా హాలుకి అంత హంగు అనవసరం అనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది లిరియన్ మ్యూజిక్ సర్వర్. పేరు కొత్తది, సరుకు పాతది. స్క్వీజ్‌బాక్స్ అని ఒకప్పుడు ఇంట్లో పాటలు మోగించే పెట్టెలు వచ్చేవి. 2006లో లాజిటెక్ వాటిని చేసే కంపెనీని కొంది, 2012లో ఆ పెట్టెలు ఆపేసింది. వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు కాబట్టి వాడేవాళ్ళే బతికించుకుంటూ వచ్చారు, 2024 నుంచి ఈ పేరు. పాటల వరస సర్వర్‌లోనే ఉంటుంది. ఫోను ఆపేసినా, ఊరెళ్ళినా పాట సాగుతుంది. మెటీరియల్ స్కిన్ అనే ప్లగిన్ (సర్వరుకి అదనంగా తగిలించే ముక్క) పెడితే బ్రౌజర్‌లోనే చక్కగా తెరుచుకుంటుంది, దాన్ని అమ్మ ఫోను ముఖం మీద ఒక బొమ్మలా పెట్టాను. అలారం కూడా ఉంది. రోజూ అయిదున్నరకి ఎవరూ ఏమీ నొక్కకుండానే భక్తి పాటలు మొదలవుతాయి. ఆదివారం మాత్రం ఆపించాను, ఆ గొడవ వేరే.

మీ దగ్గర కచేరీ సీడీలు ఉంటే ఒకటి తప్పక పరీక్షించండి. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా కోసి ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు తంబురా శ్రుతి అర క్షణం తెగి మళ్ళీ అతుక్కుంటే, ఆ యాప్ మీకు పనికిరాదు. విద్వాంసుడు ఊపిరి బిగబట్టినచోట మనకి ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుంది. క్రోమ్‌కాస్ట్ అనే పరికరానికి ఫోన్‌లోంచి పాట పంపినప్పుడు నాకు ఈ తెగుడు ఎక్కువగా వినిపించింది. ఎంపీ3లోనైతే ఫైలు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది, దాన్ని కత్తిరించే తెలివి ప్లేయరుకి ఉండాలి. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్ళలో ఆ బెడద లేదు. అందుకే నాన్నగారి సీడీలన్నీ ఫ్లాక్‌లోకి ఎక్కించాను. సీడీ సెకనుకి 1,411 కిలోబిట్లు, ఫ్లాక్ చేస్తే సుమారు అందులో సగం. ఏ వైఫైకైనా అదొక లెక్క కాదు.

సినిమా పాటల బాధ వేరు. మా సేకరణలో బాలుగారు ఒక్కరే ఏడుగురుగా ఉన్నారు: ఎస్పీబీ, ఎస్.పి.బాలు, బాలసుబ్రహ్మణ్యం, ఇలా. నావిడ్రోమ్ ఫోల్డర్ల మొహం చూడదు, ఫైలు లోపల గాయకుడు, ఆల్బమ్ అని రాసుండే ట్యాగుల్నే నమ్ముతుంది, కాబట్టి ఏడుగురినీ విడివిడిగా నిలబెట్టింది. ఆ ట్యాగులు మార్చే ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేరుతో కూర్చుని నాలుగు ఆదివారాలు సరిచేశాను. అప్పుడే సంగీత దర్శకుడి పేరు కంపోజర్ గడిలో వేసేయండి. అమ్మ "పెండ్యాలవి పెట్టు" అంటుంది కానీ ఆల్బమ్ పేరు ఎప్పుడూ చెప్పదు. ఇంత ఓపిక లేకపోతే లిరియన్‌లో ఫోల్డర్ల దారి ఎలాగూ ఉంది.

సర్వరుకి కొత్త యంత్రం కొనకండి. మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ చాలు, బ్యాటరీ బతికుంటే కరెంటు పోయినా ఆగదు. యాంప్ పక్కన రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటరు, దానికో చిన్న డాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చేది). రెండూ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లోనే కొన్నాను. ఆ రాస్‌ప్‌బెర్రీ పైలో పైకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించండి, సర్వరు పంపే పాటని మోగించేది అదే. అది మొత్తం ర్యామ్‌లోంచి నడుస్తుంది, అందుకని పడుకునేటప్పుడు అమ్మ స్విచ్ బోర్డు దగ్గరే కట్టేసినా మెమరీ కార్డు పాడవదు. అంతకుముందు మామూలు లినక్స్ పెట్టి రెండు కార్డులు పోగొట్టుకున్నాను.

ఈ రాస్‌ప్‌బెర్రీ పై 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే తగులుకుంటుంది, 5 దానికి కనపడదు. ఫోన్‌లో ప్లేయరు కనబడకపోతే యాప్‌ని తిట్టకముందు రౌటర్ చూడండి. ఫోను, ప్లేయరు రెండిట్లో ఒకటి అతిథులకని విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే ఒకదానికొకటి తెలియదు. నాకు ఒక శనివారం మొత్తం ఇలాగే పోయింది.

అన్నీ కలిపాక తీగ పెట్టేది యాంప్ వెనక ఆక్స్ అని రాసున్న రంధ్రాల్లో. పక్కనే ఫోనో అని ఉంటుంది, అది గ్రామఫోన్ రికార్డులకి. నేను చీకట్లో దాంట్లో పెట్టి, ఘంటసాల గారి గొంతు పగిలిన డప్పులా వస్తుంటే డాక్ పోయిందనుకుని మళ్ళీ రిచీ స్ట్రీట్‌కి పట్టుకెళ్ళాను.