హైదరాబాద్ నుంచి డల్లాస్: టికెట్‌లో కనిపించే గంటలు వేరు

మీ అమ్మగారి టికెట్‌లో జూన్‌లో తెల్లవారుజామున 4కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 4:30కి డల్లాస్ చేరుతుందని ఉంది, పన్నెండున్నర గంటల్లో అంత దూరం ఎలా వెళ్తారని అడిగారు కదండీ. టికెట్‌లో తప్పేమీ లేదు. రెండు సమయాలూ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే అసలు ప్రయాణం 23 గంటలు. చలికాలమైతే తేడా పదకొండున్నర గంటలు.

నేరుగా గీత గీస్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా కాబట్టి 15,600 దాటుతుంది. దోహాకి నాలుగు గంటల పైచిలుకు, అక్కడి నుంచి డల్లాస్‌కి సుమారు 16 గంటలు, మిగతాది ఆగే సమయం.

తిరుగు ప్రయాణంలో మాత్రం జాగ్రత్త. ఎదురుగాలి ఉండదు కాబట్టి గాల్లో ఉండే సమయం కాస్త తగ్గుతుంది, కానీ తేదీ ముందుకు జరుగుతుంది. సోమవారం రాత్రి ఎక్కితే బుధవారం తెల్లవారుజామున దిగొచ్చు. ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లకి ఆ తేదీ ముందే చెప్పండి.

అమ్మగారు ఒక్కరే వస్తున్నారు కాబట్టి వీల్‌చైర్ ఇప్పుడే అడిగి పెట్టండి. దోహాలో విమానం మారేటప్పుడు ఆవిడకి టెన్షన్ ఉండదు.